ఒక నడుము నొప్పి, నలుగురు గోల్ఫ్ కోచ్‌లు: అనంతపురం నుంచి ఒక కేస్ స్టడీ

నేను అనంతపురంలో పదహారేళ్లుగా ఫిజియోథెరపీ ప్రాక్టీసు చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే నడుము నొప్పుల్లో ఎక్కువ భాగం వేరుశనగ పీకే రోజుల్లో వంగి పనిచేసిన ఆడవాళ్లవి, గతుకుల రోడ్ల మీద ఆటోలు నడిపేవాళ్లవి, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగులవి. గోల్ఫ్ ఆడి నడుము పట్టేసిన మనిషి నిరుడు ఫిబ్రవరి దాకా నా గుమ్మం తొక్కలేదు. ఈ కేసును రాయడానికి కారణం ఆ నొప్పికి నేను చేసిన వైద్యం కాదు, అందులో కొత్తదనం ఏమీ లేదు. ఆయనకు గోల్ఫ్ నేర్పే మనిషిని ఎంచుకోవడంలో నేను మొదట చేసిన తప్పు, తరువాత దాన్ని దిద్దుకున్న తీరు ఇక్కడ చెప్పదలచుకున్నాను. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. గుర్తు పట్టే వివరాలు కొన్ని మార్చాను.

మనిషి, నొప్పి

వయసు 46. పెనుకొండ వైపు ఒక విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. 2019 చివర్లో అక్కడ కియా కార్ల ఫ్యాక్టరీ ప్రారంభమైన తరువాత ఆ చుట్టుపక్కల కొరియన్ అధికారుల రాకపోకలు పెరిగాయి, వాళ్లతో పాటు గోల్ఫ్ మాటా వచ్చింది. మన వాళ్లు సెలవు రోజున క్రికెట్ బ్యాటు పట్టుకున్నంత మామూలుగా వాళ్లు గోల్ఫ్ కిట్టు కారులో వేసుకుని బెంగళూరు వైపు పోతారు. ఈయనను కూడా రెండుసార్లు వెంట తీసుకెళ్లారు. బంతిని సరిగ్గా ఒక్కసారి తగిలించినప్పుడు చేతుల్లోకి వచ్చే ఆ మెత్తటి స్పర్శ ఆయనను పట్టేసింది. ఒక పాత సెట్టు కొనుక్కుని, మిద్దె మీద వల కట్టి, ఫోనులో వీడియోలు చూస్తూ నాలుగు నెలలు కొట్టాడు.

"కొట్టేటప్పుడు ఏమీ తెలీదు సార్. తెల్లారి మంచం దిగల్లంటే మాత్రం గోడ పట్టుకోవాల్సి వస్తాంది" అన్నాడు మొదటి రోజు.

నొప్పి నడుము కింది భాగంలో కుడి వైపున ఉంది. కాలిలోకి దిగడం లేదు, తిమ్మిరి లేదు, పడుకోబెట్టి కాలు నిటారుగా పైకెత్తినప్పుడు ఇబ్బంది లేదు, మూత్ర విసర్జనలో తేడా లేదు. కాబట్టి నరం మీద ఒత్తిడి అని అనుమానించాల్సిన లక్షణాలు కనిపించలేదు. అసలు విషయం తుంటిలో బయటపడింది. బోర్లా పడుకోబెట్టి, మోకాలు మడిచి, గోనియోమీటర్‌తో (కీలు తిరిగే కోణాన్ని కొలిచే పరికరం) కొలిస్తే కుడి తుంటి లోపలికి 38 డిగ్రీలు తిరిగింది, ఎడమ తుంటి 20 దగ్గరే ఆగిపోయింది. వీపు పైభాగం కూడా బిగుసుకుపోయి ఉంది. రోజుకు రెండు గంటల పైగా కారు నడిపి, మిగతా సమయం కుర్చీలో గడిపే మనిషికి అది వింత కాదు.

కుడిచేతి వాటం ఆటగాడికి ఎడమ తుంటి ఎందుకంత ముఖ్యమో ఇక్కడే చెప్పాలి. క్లబ్ (బంతిని కొట్టే కర్ర) కిందికి వచ్చి బంతిని దాటే క్షణంలో ఒంటి బరువంతా ఎడమ కాలి మీదికి చేరుతుంది, కటి భాగం ఆ తుంటి కీలు మీదనే తిరుగుతుంది. ఆ కీలు తిరగకపోతే తిరుగుడు అక్కడితో ఆగదు, పైనున్న నడుము పూసల మీదికి పోతుంది. నడుము పూసలు వంగడానికి తగినట్టు అమరినవే కానీ తిరగడానికి కాదు. ఒక్కో పూస మధ్య రెండు మూడు డిగ్రీలకు మించి తిరుగుడు ఉండదు. తుంటికీ, వీపు పైభాగానికీ చెందిన పనిని నడుము చేత చేయిస్తే, కోడలి పని కూడా అత్తకే చెప్పినట్టు, కొన్నాళ్లు మౌనంగా చేస్తుంది, ఆ తరువాత మొరాయిస్తుంది.

నా పొరపాటు

ఐదు వారాల వ్యాయామాలతో నొప్పి బాగా తగ్గింది. ఇక వీడియోలు చూసి సొంతంగా కొట్టవద్దనీ, ఒక కోచ్ దగ్గర నేర్చుకోమనీ చెప్పాను. అనంతపురంలో గోల్ఫ్ మైదానం లేదు. కర్నూలు వాళ్లయితే హైదరాబాదు పోతారు, మాకు బెంగళూరు దగ్గర. 1876లో మొదలైన బెంగళూరు గోల్ఫ్ క్లబ్ మొదలుకొని నంది కొండల దిగువన వెలసిన కొత్త మైదానాల దాకా అక్కడ ఆటకు కొదవ లేదు, నేర్పేవాళ్లకూ కొదవ లేదు. నాకు తెలిసిన ఒక డాక్టరు ఒక పేరు చెప్పారు. ఒకప్పుడు పోటీల్లో బాగా ఆడిన మనిషి, గది నిండా కప్పులు. నేను ఇంకేమీ విచారించకుండా ఆ పేరే రాసిచ్చాను. ఆడగలిగినవాడు నేర్పగలడని అనుకున్నాను. ఇదే మా ఊళ్లో పిల్లవాణ్ణి క్రికెట్‌కు పంపే తల్లిదండ్రులు అడిగితే, రంజీ ఆడినవాడా కాదా అని కాక పిల్లల్ని ఎలా చూస్తాడో వెళ్లి చూడమని చెప్పేవాణ్ణి. నాకు తెలియని ఆట అనేసరికి కప్పులే కనిపించాయి.

నాలుగు పాఠాలయ్యాక ఆయన మళ్లీ నా బల్ల మీద పడుకున్నాడు. ఈసారి నొప్పి పదికి ఏడు. ఏం నేర్పారని అడిగితే వేళ్లు మడుస్తూ చెప్పడం మొదలుపెట్టాడు: గ్రిప్ మార్చమన్నారు, గడ్డం పైకెత్తమన్నారు, ఎడమ చెయ్యి వంచవద్దన్నారు, భుజాలు పూర్తిగా తిప్పి తుంటిని మాత్రం కదలనివ్వవద్దన్నారు, ఎడమ మడమ నేలను వదలకూడదన్నారు. ఏడు దాకా వచ్చి ఎనిమిదోది మరిచిపోయాడు.

భుజాలు తిప్పి తుంటిని బిగబట్టడం అనేది తప్పుడు విద్య కాదు. భుజాల తిరుగుడుకూ తుంటి తిరుగుడుకూ మధ్య తేడా పెరిగితే స్ప్రింగు చుట్టినట్టు శక్తి పెరుగుతుందని 1990ల నుంచి చాలామంది నేర్పుతున్నారు, ఇరవై ఏళ్ల కుర్రవాడి మెత్తటి వీపుకు అది పనికొస్తుంది. వీపు బిగుసుకుని, తుంటి తిరగని మనిషిని అలా బిగబట్టమంటే ఆ తేడా అంతా ఎక్కడి నుంచి రావాలి? నడుము నుంచే. వైద్యంలో నేను ఐదు వారాలు కష్టపడి తగ్గించిన బరువును వారానికొకసారి మళ్లీ అక్కడే పెట్టించాను.

నేను ఆ కోచ్‌కు తుంటి కొలతలతో ఒక పేజీ ఉత్తరం రాసి పంపాను. డాక్టర్లకు గోల్ఫ్ తెలియదు, నొప్పి కొత్తలో అందరికీ ఉంటుంది అని పేషెంటుతో చెప్పి పంపారు. గోల్ఫ్ గురించి ఆయన అన్నది నిజమే. కానీ ఒక కాగితం అందుకున్నప్పుడు మనిషి ఏం చేస్తాడన్నది కూడా ఎంపికలో ఒక పరీక్షేనని నాకు ఆ రోజు అర్థమైంది.

రెండోసారి వెదికిన తీరు

ఆట మానెయ్యమని చెప్పడం నాకు తేలిక. ఆయన ముఖం చూశాక ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. మూడు వారాలు క్లబ్ ముట్టుకోవద్దని మాత్రం చెప్పి, ఈసారి ఇద్దరం కూర్చుని ఒక పద్ధతి ప్రకారం వెదికాం.

మొదట సర్టిఫికెట్ల సంగతి చూశాం. మన దేశంలో ఇండియన్ గోల్ఫ్ యూనియన్ ఆధ్వర్యంలోని నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా శిక్షకులకు తరగతుల వారీగా సర్టిఫికెట్లు ఇస్తుంది. విదేశాల్లో అయితే 1901లో మొదలైన బ్రిటిష్ పీజీఏకీ (వృత్తి గోల్ఫర్ల సంఘం), 1916లో మొదలైన అమెరికన్ పీజీఏకీ సొంత శిక్షణ క్రమాలున్నాయి. సర్టిఫికెట్ ఉంటే బోధన అనేది ఆట కన్నా వేరే పని అని ఆ మనిషికి ఒకరు ఎప్పుడో చెప్పారని అర్థం. అంతకు మించి నేను దానికి విలువ కట్టలేదు. జల్లెడ పట్టడానికి అది చాలు, చేట చెరగడానికి చాలదు.

అలా మూడు పేర్లు మిగిలాయి. ముగ్గురికీ ఫోను చేసి ఆయన చేత ఒకే ప్రశ్న అడిగించాను: "నా బంతి ఎడమ వైపు బయలుదేరి గాలిలో కుడికి వంగిపోతోంది, కారణం ఏమై ఉంటుంది?" ఈ ప్రశ్న నేను ఊరికే ఎంచుకోలేదు. బంతి ఏ దిక్కుకు బయలుదేరుతుందన్నది ఎక్కువగా తగిలే క్షణంలో క్లబ్ ముఖం ఎటు చూస్తోందన్న దాని మీద ఆధారపడుతుంది. గాలిలో ఎటు వంగుతుందన్నది క్లబ్ ప్రయాణించిన దారికీ, దాని ముఖం చూస్తున్న దిక్కుకూ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. చాలా కాలం పాటు దీన్ని తలకిందులుగా నేర్పారు, దారే బయలుదేరే దిక్కును నిర్ణయిస్తుందన్నారు. రాడార్ యంత్రాలు వచ్చి కొలిచి చూపించాక ఆ మాట నిలవలేదు. ఇంకా పాత మాటే చెప్పే కోచ్ దగ్గర ఆటగాడు ముఖాన్ని వదిలేసి దారిని దిద్దుకుంటూ, దారిని వదిలేసి ముఖాన్ని దిద్దుకుంటూ ఏళ్లు గడిపేస్తాడు.

మొదటి వ్యక్తి "తల ఎత్తుతున్నావు" అన్నారు. బంతి ఏమైనా సరే తల ఎత్తావనడం గోల్ఫ్‌లో, పిల్లవాడికి ఏ జబ్బు చేసినా దిష్టి తగిలిందనడం లాంటిది. కొట్టిపారేయలేం, పనికొచ్చేదీ కాదు. ఆ వెంటనే ఇరవై పాఠాల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టాలన్నారు. అక్కడితో ఆ పేరు కొట్టేశాం. రెండో వ్యక్తి సమాధానం పుస్తకంలో ఉన్నంత కచ్చితంగా చెప్పారు, రాడార్ యంత్రం కూడా ఉందన్నారు. మూడో వ్యక్తి సమాధానం చెప్పలేదు. "ముఖం దారికి తెరుచుకుని, అంటే కుడికి తిరిగి ఉంటాది, అంతవరకు నిజం. ఎందుకు తెరుచుకుంటాందో చూస్తే కానీ చెప్పలేను. ముందు అది చెప్పు, ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉందా?" అని అడిగారు. బాగేపల్లి ప్రాంతపు తెలుగు, మధ్య మధ్య కన్నడం. చిన్నప్పుడు ఒక మైదానంలో క్యాడీగా బ్యాగులు మోసి, ఆ తరువాత ఆట నేర్చి, సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషి.

రెండో వ్యక్తి దగ్గర ఒక పాఠం చెప్పించుకున్నాం. చెడ్డవారు కారు. అయితే గంటసేపు తెర మీద అంకెలే మాట్లాడాయి: క్లబ్ వేగం, దిగే కోణం, బంతి గిరగిరా తిరిగే వేగం. హ్యాండీక్యాప్ పదిలోపు ఉన్నవాడికి, అంటే ఇప్పటికే బాగా ఆడేవాడికి, అది బంగారం. మా వాడు బయటికొచ్చి "నాకు నా రక్తపరీక్ష రిపోర్టు చదివినట్టుంది సార్" అన్నాడు.

ఆ ఆదివారం

మూడో కోచ్ దగ్గరికి నేను కూడా వెళ్లాను. తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరి, మరూరు, బాగేపల్లి టోల్ గేట్లు దాటి, ఎండ ఎక్కక ముందే డ్రైవింగ్ రేంజ్‌కు (బంతులు కొట్టి సాధన చేసే చోటు) చేరాం. మా కన్నా ముందు ఒక పద్నాలుగేళ్ల అమ్మాయికి పాఠం నడుస్తోంది. దాన్ని చూడవచ్చా అని అడిగితే కుర్చీ వేయించారు. ఇంకొకరికి చెప్పే పాఠాన్ని చూడనివ్వడం చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, నాకు అన్నిటికన్నా ఎక్కువ తెలిసింది అక్కడే. ఆ అమ్మాయి స్వింగ్, అంటే క్లబ్ ఊపే తీరు, ఒక రకంగా ఉంది, తరువాత వచ్చిన పెద్దాయన స్వింగ్ పూర్తిగా ఇంకో రకంగా ఉంది, ఇద్దరినీ ఆయన ఒకే అచ్చులో పోయడానికి చూడలేదు. ఎనిమిది అంకె గీసినట్టు వింతగా క్లబ్ తిప్పే అమెరికన్ ఆటగాడు జిమ్ ఫ్యూరిక్ 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. ఆ స్వింగ్‌ను మార్చని కోచ్ ఆయన తండ్రే. చూడ్డానికి అందంగా ఉందా అన్నది కాక, తగిలే క్షణంలో క్లబ్ సరిగ్గా ఉందా అన్నదే చూడగలగడం అరుదైన గుణం.

మా వాడి వంతు వచ్చాక ఆయన పది బంతులు కొట్టమని, మాట్లాడకుండా చేతులు కట్టుకుని చూశారు. ఐదు బంతులు వెనుక నుంచి, ఐదు ఎదురుగా నిలబడి. ఆ తరువాత జేబులోంచి ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తీసి, సెవెన్ ఐరన్ (మధ్యరకం దూరానికి వాడే క్లబ్) ముఖం మీద చల్లి, ఇంకో మూడు కొట్టించారు. పౌడరు మీద బంతి గుండ్రటి ముద్ర పడింది, మూడుసార్లూ ముఖం మధ్యలో కాక క్లబ్ కడ్డీకి దగ్గరగా పడింది. మా వాడు ఆ ముద్రల్ని చాలాసేపు చూశాడు. ఏడు నెలలుగా బంతి ఎక్కడ తగులుతోందో ఎవరూ ఆయనకు చూపించలేదు.

తరువాత చేసింది నన్ను ఆశ్చర్యపరిచింది. క్లబ్ పక్కన పెట్టించి, ఎడమ కాలి మీద నిలబడి నడుమును లోపలికి తిప్పమన్నారు. తిరగలేదు. "ఇది మీ డాక్టరు కాగితంలో రాసిందే కదా" అని నా వైపు చూసి నవ్వారు. నేను ముందే పంపిన పేజీని ఆయన చదివారు, చదివి ఫోను చేసి రెండు ప్రశ్నలు కూడా అడిగి ఉన్నారు. ఎడమ పాదాన్ని బంతి వెళ్లే వైపు కొంచెం విప్పి పెట్టమన్నారు. పాదం విప్పితే తుంటికి ముందే కొంత తిరుగుడు అప్పు దొరికినట్టవుతుంది. బ్యాక్‌స్వింగ్‌లో, అంటే క్లబ్‌ను వెనక్కి ఎత్తేటప్పుడు, తుంటిని బిగబట్టవద్దనీ, ఎడమ మడమ లేవదలచుకుంటే లేవనివ్వమనీ అన్నారు. మడమ లేపకూడదని విన్నానని మా వాడు సందేహించాడు. "జాక్ నిక్లాస్ జీవితమంతా లేపినాడు. 1986లో మాస్టర్స్ పోటీ గెలిచినప్పుడు ఆయనకూ నీ వయసే, నలభై ఆరు" అన్నారు. ఆ మాట మా వాడికి మందు కన్నా బాగా పనిచేసిందని నా అనుమానం.

గంట పూర్తయ్యేసరికి ఆయన చెప్పిన మార్పులు అంతే. కారు ఎక్కాక, ఏం చేయాలో ఒక్క వాక్యంలో చెప్పమని మా వాణ్ణి అడిగాను. "ఎడమ పాదం విప్పి, తుంటిని వదిలేసి, గీత దాటినాక మట్టి తగిలించల్ల" అన్నాడు. ఏడు మాటలు చెప్పి ఎనిమిదోది మరిచిపోయిన మనిషి. ఆ వాక్యం విన్నాకే నేను ఈ కోచ్ చాలు అనుకున్నాను.

ఇంటి దగ్గర సాధన

గీత ఏమిటో చెప్పాలి. నేల మీద ముగ్గుపిండితో ఒక గీత గీసి, బంతి లేకుండా క్లబ్ ఊపి, క్లబ్ నేలను గీత దగ్గరా దాని ముందు వైపునా తాకుతోందా, వెనుకే తాకుతోందా చూసుకోవాలి. బంతి నేల మీద ఉన్నప్పుడు ఐరన్‌తో కొట్టాలంటే ముందు బంతి, తరువాత నేల తగలాలి. మొదటి వారం ఇరవైకి ఆరు సరిగ్గా పడ్డాయి, నాలుగో వారానికి పదమూడు. ఇది కొలవడానికి యంత్రం అక్కర్లేదు, కోచ్ పక్కన ఉండనక్కర్లేదు. మనం పక్కన ఉన్నంతసేపు బాగుపడి, ఇంటికెళ్లగానే పాత పద్ధతికి వెళ్లిపోయే మెరుగుదలను మా ఫిజియోథెరపీలోనూ లెక్కలోకి తీసుకోం. రెండు రోజుల తరువాత, ఒంటరిగా ఉన్నప్పుడు మిగిలిందే నేర్చుకున్నది.

ఇంకొక సంగతి నేను గమనించాను. ఆయన "మోచెయ్యి ఇలా పెట్టు, మణికట్టు అలా తిప్పు" అని చెప్పలేదు, గీతను తాకించు అన్నారు. కదిలే అవయవం మీద కాక అది బయట చేసే పని మీద ధ్యాస పెడితే కదలిక తొందరగా అబ్బుతుందని గాబ్రియెల్ వుల్ఫ్ బృందం 1999లో గోల్ఫ్ షాట్లతోనే పరీక్షించి చూపింది. పక్షవాతం వచ్చిన వాళ్లకు నడక నేర్పేటప్పుడు నేనూ మడమ గురించి చెప్పకుండా, నేల మీద టేపు అంటించి దాన్ని దాటమంటాను.

రానూపోనూ నాలుగు వందల కిలోమీటర్లు వారం వారం తిరగడం కుదరదు, నడుముకూ మంచిది కాదు. పాఠం ఫీజు కన్నా డీజిలు, టోలే ఎక్కువ. నెలకొక పాఠం, మధ్యలో పదిహేను రోజులకు ఒక వీడియో అని కుదుర్చుకున్నాం. మొదట పంపిన వీడియోను కోచ్ తిప్పి పంపారు. ఫోనును గోడకు ఆనించి పక్కకు పెట్టడం వల్ల స్వింగ్ దారి ఉన్న దానికన్నా వంకరగా కనిపిస్తోందన్నారు. ఫోను చేతుల ఎత్తులో ఉండాలి, ఒకటి వెనుక నుంచి చేతుల వరుసలో, ఇంకొకటి సరిగ్గా ఎదురుగా. వీడియో ఎలా తీయాలో చెప్పకుండానే దాన్ని చూసి తప్పులు ఎంచే ఆన్‌లైన్ కోచ్‌లను నమ్మవద్దని నేను ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

రెండో నెలలో ఒక దెబ్బ తగిలింది. మా వాడు కొత్త డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) కొని, ఎవరికీ చెప్పకుండా ఒక సాయంత్రం వలలోకి నూట యాభై బంతులు కొట్టాడు. మూడు రోజులు మళ్లీ గోడ పట్టుకునే మంచం దిగాడు. నేను కోప్పడబోయాను. కోచ్ మాత్రం ఎన్ని బంతులు, ఏ క్లబ్, నొప్పి ఎన్నో బంతికి మొదలైంది అని ముగ్గురం కలిసిన ఫోన్‌లో అడిగి, రోజుకు నలభై బంతులు, అందులో సగం వెడ్జ్‌తో (దగ్గరి షాట్లకు వాడే పొట్టి క్లబ్), డ్రైవర్ అటక మీదికి అని తేల్చారు. పార్ 72 మైదానంలో, అంటే ఆట మొత్తానికి 72 షాట్లు లెక్క పెట్టిన చోట, 36 షాట్లు పుటింగ్‌కే (బంతిని రంధ్రంలోకి దొర్లించడం) లెక్క కట్టి ఉంటాయి కాబట్టి ఆ నెల పాఠం పూర్తిగా గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే పొట్టి గడ్డి) మీదే గడిచింది. నడుముకు అంతకన్నా మంచి వైద్యం నేను కూడా రాసేవాణ్ణి కాదు.

ఇప్పటి స్థితి

ఐదు నెలలయ్యాక కొలిస్తే ఎడమ తుంటి 29 డిగ్రీలు తిరిగింది. పూర్తిగా సరి కాలేదు, ఈ వయసులో కుడివైపుతో సమానం అవుతుందని నేను ఆశించడమూ లేదు. నొప్పి పదికి ఒకటి. పెనుకొండ నుంచి ఆలస్యంగా వచ్చిన రోజున రెండు. సెవెన్ ఐరన్ బంతి మునుపటి కన్నా పది గజాలు తక్కువ పోతోంది, అయితే పోవాల్సిన వైపే పోతోంది. అలసిపోయినప్పుడు స్లైస్ (బంతి గాలిలో కుడికి వంగిపోవడం) ఇంకా వస్తుంది, ఎందుకు వస్తోందో ఆయనే చెప్పగలుగుతున్నాడు.

డ్రైవర్ అటక మీదే ఉంది. ఆయన అమ్మగారు మోకాళ్ల నొప్పికి మొన్న నా దగ్గరికి వచ్చారు. మోకాలు చూపించక ముందే ఫిర్యాదు మొదలుపెట్టారు: "వాకిట్లో ముగ్గు వేద్దామంటే డబ్బాలో పిండే ఉండదు నాయనా. పొద్దున లేచేతలికి వీడు మిద్దె మీద గీతలు గీసుకోని నిలబడింటాడు."